ఒక్క పోగెక్కువ

మందుల చీటీ వెనక్కి తిప్పి
డాక్టరు బొమ్మ గీసిండు.
నల్లగొండల గడియారం కాడ, మెట్ల కింది దవాఖాన.
ఫ్యాను తిరుగుతుంది, గాలి లేదు.
ఒళ్ళె నాలుగు నెలల పిలగాడు
నాలుక కొసన పెట్టుకొని నిద్రవోతుండు.

ఒక గుండ్రం. అండ్ల పుల్లల లెక్క గీతలు.
రెండు దిక్కుల నుంచి సన్నటి దారాలు.
"వీటిని కండె పోగులంటరమ్మా."

నవ్వొచ్చింది నాకు.
కండె నాకు చెప్తున్నవా సారూ?
గట్టుప్పల్ల ఏడేండ్లప్పటి సంది
కండెలు చుట్టిన చేతులివి.
చీర చీరకు ఆసు మీద తొమ్మిది వేల సార్లు
పోయి వచ్చిన చెయ్యి ఇది.
భుజం కీలు అరిగింది గాని
లెక్క తప్పలే.

జతలు విడిపోవాలె, అన్నడు,
ఇటొకటి, అటొకటి.
ఒక్కోపారి ఒక జత విడవదు.
రెండూ ఒక్క దిక్కే పోతయి.

పట్నం నుంచి కాయిదం రానీకి మూడు వారాలు పట్టింది.
నలుపు తెలుపు ఫోటో, జతలు జతలుగ పేర్చిన ముక్కలు.
ఇరవై జతలు సక్కగున్నయి.
ఇరవై ఒకటో కాడ మూడు.
వేలు పెట్టి లెక్కవెట్టిన.
మల్ల లెక్కవెట్టిన.

ఎవరి తప్పు సారూ ఇది?
గ్రహణం పూట కత్తెర పట్టినవని మా అత్త.
మర్రిగూడ దిక్కు నీళ్ళని వాడకట్టోళ్ళు.
మా ఆయన ఏమనలే,
అదే ఎక్కువ కోసింది.
నేనైతే రంగు కుండలనుకున్న,
తొమ్మిది నెలలు వాటి మీదనే వంగి ఉంటి గద.

పెన్ను పక్కన పెట్టి అన్నడు:
"అవేమీ కావు.
నీ అండాలు..."
నన్నే పిలిచిండనుకొని ఆఁ అన్న.
నా పేరే అండాలు.
ఇద్దరం నవ్వినం, ఏడ్వాల్సిన కాడ.

"మీ అమ్మ కడుపుల నువ్వున్నప్పుడే తయారైనయి.
విడిపోవుడు అప్పుడే మొదలుపెట్టి
నడుమల ఆగినయి."
ముప్పై తొమ్మిదేండ్లు,
సగం నేసి ఇడిసిన పడుగు లెక్క.
జతను పట్టుకున్న గంజి పాతబడి
గుంజే యాళ్ళకు గుంజుడు తప్పింది.

అంటే మా అమ్మ నిండు కడుపుతోని
గుంట మగ్గంల కాళ్ళాడిస్తుంటే
లోపట నేను,
నా లోపట సగం వాడు.

అంతకుముందు మూడో నెలల పోయిన రెండు?
అడగొద్దనుకుంటనే అడిగిన.
అవీ గిట్లనే కావచ్చు, చెప్పలేమన్నడు.
లెక్క తప్పినవి శానా మటుకు
ఎవ్వరికీ ఎరుక కాకుంటనే జారిపోతయట.
పేరు పెట్టనివి. నేను లెక్కల ఎయ్యనివి.
వీడొక్కడు నిలబడ్డడు.

మార్కండేయులని పెట్టినం.
మా సాలోళ్ళకు పెద్ద పేరు.
పెట్టినంక భయమైంది,
కథల పిలగానికి పదహారేండ్లే గద ఆయుష్షు.
గుండెకు చిల్లు. పట్నంల కుట్లేసిండ్రు.
మూడేండ్లకు నడక, ఐదేండ్లకు మాట.
తొలి మాట అమ్మ కాదు,
నాడె.

ఇప్పుడు ఆసు కాడ నా పక్కన కూసుంటడు.
ఇరవై దాటి లెక్క రాదు.
పోగు తెగితే మాత్రం
నాకంటె ముందే చెవి ఎగరేస్తడు.

పడుగుల పోగెక్కువైతే తెంపేస్తం.
నేత అంటే గంతే.
ఆ బొమ్మ గీసిన సారుకు
గీ ముచ్చట చెప్పుడు మరిచిన:
కండె అన్నవు బాగనే ఉంది గాని
వీడు గుడ్డ కాదు.

మొన్న పదిహేడు నిండినయి.
చండూరు సంతల నీలం అంగీ కొన్న.
గుండీలు తనే పెట్టుకున్నడు, ఒకటి తప్పి.
మీద ఒక కాజా ఖాళీగ మిగిలింది,
కింద ఒక గుండీ.
సరిజేయవోతే చెయ్యి తోసేసిండు.

గట్లనే సంతంత తిరిగినం,
మిరపకాయ బజ్జీలు తినుకుంట.